మెరవని మాజ్డా

మా ఆయన రోజంతా చేసే పని ఏమిటంటే, కార్లు మెరుస్తున్నాయో లేదో చూడడం. డర్బన్ దగ్గర ప్రాస్పెక్టన్‌లో ఉన్న పెద్ద కార్ల ఫ్యాక్టరీలో, రంగుల విభాగంలో నాణ్యత చూసే ఇంజనీరు. ట్యూబ్‌లైట్ల వరస కింద కారు మెల్లగా కదులుతుంటే, బానెట్ మీద ఆ లైటు గీత వంకర లేకుండా పడుతోందా, ఎక్కడైనా దుమ్ము రేణువు ఇరుక్కుందా అని వంగి చూస్తారు. ఇంటికొచ్చినా ఆ చూపు మారదు. తోమి బోర్లించిన స్టీలు గిన్నె మీద కూడా లైటు గీత వెతుకుతారు. అలాంటి వాసుదేవరావు గారి పెళ్ళాం ఇంటి ముందు నిలబడి, కారుకి మెరుపన్నదే లేని నల్లరంగు కొట్టిందంటే ఆ ఇంట్లో ఎంత రభస జరిగి ఉంటుందో మీరే ఊహించుకోండి.

కోపంతో కొట్టానని ఆయన అంటారు. కోపం లేదని నేనూ అనను. కానీ అసలు సంగతి నా ఉద్యోగం.

మేం కాకినాడ నుంచి డర్బన్ పక్కన ఇసిపింగోకి వచ్చి అప్పటికి ఏడాది దాటింది. ఈ దేశంలో నల్లా తెల్లా తేడా లేకుండా అందరూ మొదటిసారి ఓట్లు వేసి, కొత్త ప్రభుత్వం వచ్చిన మూడో ఏడు అది. పన్నెండేళ్ళు మునిసిపల్ హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, ఇక్కడికొచ్చాక పప్పు వండి, చపాతీ చేసి, మధ్యాహ్నం గోడలతో మాట్లాడుకుంటూ కూర్చున్నాను. ఇంకొక్క ఏడు అలాగే గడిచి ఉంటే గోడలు జవాబు చెప్పేవి కూడా.

లైబ్రరీలో పరిచయమైంది హేజెల్ మేడమ్. ఉంబుంబులు దారిలో, కొండల మీద ఉన్న ఒక హైస్కూలుకి ఆవిడ హెడ్‌మిస్ట్రెస్. ఆ స్కూల్లో మెట్రిక్, అంటే బడి ఆఖరి ఏడు పిల్లలకి సంవత్సరం మొదలు లెక్కల టీచరే లేదట. ఎవరొచ్చినా రెండు వారాలు ఉండి పోతున్నారు, కొండ మీదికి టాక్సీలనే షేరు వ్యాన్లు వేళకి నడవవు కాబట్టి. నేను పన్నెండేళ్ళు లెక్కలు చెప్పానంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

“మీకు సొంత కారుంటే సోమవారం నుంచే రండి. కారు లేకపోతే మాత్రం వద్దు. మా పిల్లలకి ఇంకోసారి ఆశ పెట్టి నేను వాళ్ళ మొహాలు చూడలేను” అంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ మాట ఎత్తగానే మా ఆయన మొహం పాలిపోయింది. కారణం లేకపోలేదు. అంతకు నాలుగు నెలల ముందు, కంపెనీ ఇచ్చిన తెల్ల కారులో వస్తూ రోబో దగ్గర ఆగారు. ఇక్కడ ట్రాఫిక్ సిగ్నల్‌ని రోబో అంటారు. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి తుపాకీ చూపించి, దింపేసి, కాళ్ళ చెప్పులతో సహా కారు పట్టుకుపోయారు. ఆయన రోడ్డు పక్కన చెప్పులు లేకుండా నిలబడిపోయారు. కంపెనీ మళ్ళీ అలాంటి తెల్ల కారే ఇచ్చింది కానీ, అప్పటి నుంచీ ఎర్ర లైటు పడితే చాలు, ఆయన చేతులు స్టీరింగ్ మీద వణకడం నేను పక్కన కూర్చుని చూస్తున్నాను. ఆ భయాన్ని ఎగతాళి చేసేదాన్ని కాను. కానీ భయం ఆయనది, ఉద్యోగం నాది. ఆయన భయానికి నా ఉద్యోగం ఎందుకు బలవ్వాలి?

“ఆ కొండల్లోకి ఒక్కదానివే కారేసుకుని వెళ్తావా? మతి ఉండే మాట్లాడుతున్నావా ప్రసూనా?” అన్నారు.

“లైసెన్సు తీసుకున్నది ఫ్రేము కట్టించుకోవడానికా?”

వాదన చాలాసేపు నడిచింది. చివరికి విసుగెత్తి, “దొంగ కన్నెత్తి కూడా చూడని కారుంటే తీసుకురా, అప్పుడు వెళ్దువుగాని” అనేశారు. వెటకారానికే అన్నారు. నేను మాత్రం వరమిచ్చినట్టు పట్టేసుకున్నాను. ఆయన తేరుకుని ఒక షరతు తగిలించారు: ఆ కారుకి ఎప్పుడు ఏమైనా సరే, ఆ రోజే ఉద్యోగం మానెయ్యాలి. సరేనన్నాను. ఆ క్షణంలో ఏమన్నా సరేననేదాన్నే.

కారు ఎక్కడో వెతకక్కర్లేకపోయింది. కంచెకి అవతలే ఉంది. మా పక్కింటి వల్లీ అక్క వాళ్ళ తాతలు చెరకు తోటల పనికి విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఆవిడ నాలుక మీద ఇంగ్లీషు పరిగెడుతుంది, తెలుగు కుంటుతుంది. అయినా నాతో తెలుగే మాట్లాడుతుంది, అదీ నా మీద ప్రేమతో. ఆవిడ భర్త సూబ్రాయన్ గారికి చూపు మందగించి డ్రైవింగ్ మానేశాక, ఆయన పాత మాజ్డా పెరట్లో పడి ఉంది. ఒకప్పుడు ఎర్రగా ఉండేదట. ఎండకి వెలిసి, పొక్కులు లేచి, తలుపుల అంచున తుప్పు పట్టి, అమ్మవారు పోసినట్టుంది.

“తీసుకో ప్రసూనమ్మా. ఊరికే గార్డెన్లో కూకుంది. ఇంజను లెకర్‌గా ఉంది, బాడీ ఒకటే హాస్పిటల్ కేసు” అంది వల్లీ అక్క. ఇక్కడివాళ్ళు ఏదైనా బాగుంటే లెకర్ అంటారు.

దానికి ఏ రంగు వెయ్యాలో నాకు ముందే తెలుసు. కాకినాడలో ఏటా జూన్‌లో బడి తెరిచే ముందు మా క్లాసు బోర్డులకి మేమే రంగు వేసుకునేవాళ్ళం. నేను చదువుకునే రోజుల్లో ఆ రంగు కూడా లేదు. బొగ్గు నూరి, బీరాకు పసరులో కలిపి పిల్లలమే పూసేవాళ్ళం. బోర్డు మెరిసిందా, చివరి బెంచీకి అక్షరం కనబడదు. మా ఆయన మెరుపు కోసం ఎంత తపన పడ్డారో, మెరుపు మీద నేనంత యుద్ధం చేశాను. ఈ సంగతి పెళ్ళిచూపుల్లో ఎవరూ అడగలేదు.

హార్డ్‌వేర్ షాపులో బోర్డు రంగు డబ్బాలు అడిగితే, షాపతను “ఎన్ని క్లాసులకి మేడమ్?” అన్నాడు.

“ఒక కారుకి” అన్నాను. ఇంకేం అడగలేదు పాపం.

శనివారం పొద్దున్నే మాజ్డాని మా వాకిట్లోకి తోయించి, నేను కొంగు బిగించాను. వల్లీ అక్క కంచె మీద మోచేతులు ఆనించి చూసింది.

“కారుకి కర్రి రంగు ఏల అమ్మా? కర్రి కారు సావుకి పోతాది, పెళ్ళికి పోదు.”

“పసిపిల్ల బుగ్గన నల్లచుక్క ఎందుకు పెడతాం అక్కా?”

“కన్ను పడద్దు అని. మా అవ్వ దీపం మసితో పెట్టేది.”

“ఈ కారుకి ఒక చుక్క చాలదు. అందుకని ఒళ్ళంతా పెడుతున్నాను.”

వల్లీ అక్క కంచె ఊగేలా నవ్వి, లోపలికెళ్ళి పాత గౌను వేసుకుని వచ్చేసింది.

రంగు వెయ్యడం తేలికే. దానికి ముందు పనే నడుము విరిచేది. తుప్పుని తీగ బ్రష్షుతో గీకాం. పొక్కులు చెక్కాం. వాటర్ పేపర్ అనే గరుకు కాగితం నీళ్ళలో ముంచి ముంచి, పాత ఎరుపంతా గరగరలాడేదాకా రుద్దాం. అద్దాలకీ లైట్లకీ న్యూస్‌పేపర్లు అంటించాం. బూడిదరంగు ప్రైమర్ ఒక చుట్టు వేసి, ఎండనిచ్చాం. ఆ తర్వాత స్పాంజి రోలరుతో బోర్డు రంగు, పల్చగా, ఒకే దిక్కున, ఒక పూత ఆరాక ఇంకొకటి. దట్టంగా ఒకేసారి వేస్తే కారిపోతుంది, బోర్డుకైనా కారుకైనా అదే సూత్రం. మధ్యలో ఒక కోతి గోడ దూకి, తడి డిక్కీ మీద చెయ్యి ఆనించి, ఆ చెయ్యి వాసన చూసుకుని, మమ్మల్ని తప్పుపట్టినట్టు చూసి వెళ్ళింది.

మా ఆయన వరండాలో పేపరు పట్టుకుని కూర్చున్నారు. పొద్దుట తీసిన పేజీ సాయంత్రమైనా తిప్పలేదు. ఒకసారి మాత్రం ఉండబట్టలేక, “లోకంలో ఎవరైనా డబ్బిచ్చి మెరుపు తెచ్చుకుంటారు” అన్నారు. నేను రోలరు ఆపలేదు.

సాయంత్రానికి మాజ్డా నిలువెల్లా నల్లబడింది. నలుపంటే కాటుక నలుపు కాదు. వెలుతురు దాని మీద పడి ఆగిపోతోంది, తిరిగి రావడంలేదు. నాకు నచ్చింది. పిచ్చిగా నచ్చింది. చేతులకి అంటిన రంగు కడుక్కోవడం కూడా మర్చిపోయి, చీకటి పడేదాకా దాని చుట్టూ తిరిగాను.

ఆదివారం లేచి వాకిట్లోకి వస్తే, కారు మెరుస్తోంది.

బానెట్, పైకప్పు, రెండు ముందు తలుపులు నిగనిగలాడుతున్నాయి. మెరుపు కూడా ఒక్కలా లేదు, చారలు చారలుగా, మచ్చలు మచ్చలుగా ఉంది. పక్కన వల్లీ అక్క స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, చేతిలో కొబ్బరినూనె సీసాతో నిలబడి ఉంది, మొహం వెలిగిపోతోంది.

“మా అవ్వ పూజలో నల్లరాయి అమ్మవారు ఉండేది. నూనె రాయకపోతే తెల్లగా ఎండిపోతాది. నీ కారు పొద్దున చూస్తే అట్లే ఉంది, బూడిద కొట్టి. అయ్యో తల్లీ, ఎంత ఎండిపోయినావని రాసినాను. చూడు ఇప్పుడు, కళ వచ్చింది” అంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడుపే వచ్చింది. నల్లగా, పొడిగా కనబడితే మనవాళ్ళకి చెయ్యి ఊరుకోదు. దేవుడైనా, పసిపిల్లయినా, పెనమైనా నూనె రాసెయ్యాల్సిందే. నేను కూడా కొత్త పెనానికి అదే చేస్తాను. కానీ ఈ రంగుకి నూనె తగిలితే మచ్చ పోదు, నూనె మీద మళ్ళీ రంగు వేస్తే పట్టదు. తెల్లారితే సోమవారం. అతుకుల బొంత లాంటి కారేసుకుని వెళ్ళినా ఫర్వాలేదు, కానీ మెరిసే కారేసుకుని వెళ్ళడానికి మా ఆయన ఒప్పుకోరు. ఒప్పందం అలాంటిది.

నా మొహం చూసి వల్లీ అక్క సీసా కిందపెట్టేసింది. “తప్పు చేసినానా అమ్మా?” అంది చిన్నగా.

“లేదక్కా. తలంటు సగమే అయింది. ఇంక స్నానం చేయిద్దాం” అన్నాను.

ఇంట్లో ఉన్న శనగపిండంతా తెచ్చాను. ఆవిడ తన ఇంట్లోది తెచ్చింది. అభ్యంగనం చేసిన పిల్లకి నలుగు పెట్టినట్టు, ఇద్దరం పొడి పిండి చల్లి నూనె పీల్పించాం. గిన్నెల సబ్బు నీళ్ళు కలిపి రుద్దడం మొదలుపెట్టేసరికి, వరండాలో పేపరు కింద పడిన చప్పుడైంది.

“గుండ్రంగా రుద్దకు” అన్నారు మా ఆయన, గట్టిగా. “నూనెని తీస్తున్నావా, కారంతా పులుముతున్నావా? ఒకే దిక్కుకి తుడవాలి. ప్రతి తుడుపుకీ కొత్త గుడ్డ.”

“కొత్త గుడ్డలు ఎక్కడున్నాయి?”

ఆయన లోపలికెళ్ళి తన పాత బనీన్లన్నీ చింపి తెచ్చారు. స్పిరిట్ సీసా తెచ్చారు. టార్చిలైటు కూడా తెచ్చారు. చేతులు పైకి మడిచి, బానెట్ మీదికి వంగి, ఫ్యాక్టరీలో చూసినట్టే అంగుళం అంగుళం చూడడం మొదలుపెట్టారు.

“ఇదిగో, ఇక్కడింకా మెరుస్తోంది” అన్నారు తప్పు పట్టుకున్న గొంతుతో. “ఇక్కడ కూడా. ఇది ఇలా వదిలేస్తే ఎలా?”

నేనూ వల్లీ అక్కా ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుని, నవ్వు బయటికి రాకుండా పెదవి కొరుక్కున్నాం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి మెరుపుని తప్పన్నది ఆ రోజే. మధ్యాహ్నానికి నూనె పోయింది. మళ్ళీ వాటర్ పేపర్, మళ్ళీ రెండు పూతలు. రెండో పూత ఆయనే వేశారు, నా చేతిలో రోలరు లాక్కుని. నా కంటే బాగా వేశారని ఒప్పుకుంటాను, అంతకంటే పొగడను.

సోమవారం నేను కొండెక్కాను. ఎర్రమట్టి దారి, రెండు పక్కలా చెరకు, పైకి వెళ్ళేకొద్దీ గుండ్రటి మట్టి ఇళ్ళు. ప్రతి మలుపులోనూ హారను కొట్టుకుంటూ వెళ్ళాను, ప్రతి మలుపు దాటాకా ఇంకాస్త ధైర్యం వచ్చింది. స్కూలు గంట కంటే ముందే గేటులోకి వెళ్ళాను. హేజెల్ మేడమ్ బయటికొచ్చి మాజ్డా చుట్టూ ఒకసారి తిరిగింది.

“ఇంకా రంగు వెయ్యాలా?” అంది.

“అయిపోయింది మేడమ్.”

ఆవిడ మంచి మనిషి. బాగుందని అబద్ధం చెప్పింది.

మెట్రిక్ క్లాసులో పిల్లలు కిక్కిరిసి ఉన్నారు, కిటికీ గట్ల మీద కూడా కూర్చున్నారు. గోడ మీద ఉన్న బోర్డు సగం విరిగి, మిగిలిన సగం అరిగి తెల్లబడింది. చివరివాళ్ళకి నా అక్షరాలు కనబడడంలేదని మొదటి పది నిమిషాల్లోనే అర్థమైంది. నాకు ఒళ్ళు మండింది. పిల్లలందర్నీ బయటికి రమ్మని, మాజ్డాని గ్రౌండులోకి తెచ్చి అడ్డంగా నిలబెట్టాను. సుద్దముక్క తీసి, ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా ఒక సమీకరణం రాశాను. చక్కగా పడింది. మెట్ల మీద కూర్చున్న ఆఖరి పిల్ల కూడా చదివింది. ఆ పిల్లలు చప్పట్లు కొట్టారు. లెక్కల క్లాసులో చప్పట్లు వినడం నాకదే మొదలు. ఏడాదిగా లోపల బిగుసుకుపోయినదేదో ఆ రోజు వదిలిపోయింది.

ఊళ్ళో మాత్రం నవ్వని వాళ్ళు లేరు. టాక్సీవాళ్ళు హారను కొట్టి మరీ నవ్వేవారు. పెట్రోలు బంకులో, కారు ఎక్కడ కాలిపోయిందని అడిగారు. గుడి దగ్గర పార్కింగులో నా పక్కన ఎవరూ కారు పెట్టేవారు కాదు, అది మంచిదే, తలుపు తెరవడానికి చోటుండేది. నెలలు గడిచాయి. మా ఆయన రోజూ సాయంత్రం గేటు దగ్గర నిలబడి, ముందు నన్నూ తర్వాత కారునీ ఎగాదిగా చూసేవారు, ఒప్పందం రద్దు చెయ్యడానికి చిన్న గీతైనా దొరుకుతుందేమోనని. దొరకలేదు.

సెప్టెంబరులో ఒక పొద్దున, నేను డికాషన్ వేస్తుంటే కంచె అవతల నుంచి వల్లీ అక్క కేక వినబడింది.

“ప్రసూనమ్మా, నీ కారు రోడ్డు మీద ఏల పడుకుంది?”

నేనూ మా ఆయనా బయటికి పరిగెత్తాం. గేటు గొలుసు తెగి ఉంది. వాకిలి ఖాళీ. మా వాకిలి సన్నం, పొద్దున్నే ముందు వెళ్ళేది నేను కాబట్టి, ఆయన తెల్ల కారు వెనక నా మాజ్డా పెట్టేదాన్ని. తెల్ల కారు లేదు. దాన్ని బయటికి తియ్యాలంటే మాజ్డా అడ్డం. మాజ్డా తలుపు తాళం సూబ్రాయన్ గారి కాలం నుంచీ పడదు. దొంగలు దాన్ని తెరిచి, రోడ్డు మీదికి తోసి, తెల్ల కారు పట్టుకుపోయారు. మాజ్డాని రోడ్డు పక్కన, గట్టుకి సమాంతరంగా, తిన్నగా నిలబెట్టి వెళ్ళారు. హ్యాండ్‌బ్రేక్ కూడా వేశారు.

మొదట నేను చూసింది మా ఆయన్ని. మెట్టు మీద కూలబడిపోయారు. చేతులు వణుకుతున్నాయి.

పక్కన కూర్చుని ఆ చేతులు పట్టుకున్నాను. “మీరు అందులో లేరు. అది చాలు” అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

కాసేపయ్యాక, కాఫీ తాగి, పోలీసులకి ఫోను చేశాక, ఆయన రోడ్డు మీది మాజ్డాని చూశారు. నేనూ చూశాను. నిజం చెప్పాలంటే కొంచెం మనసు నొచ్చుకుంది. అంత కష్టపడి వేసిన రంగు, ఉచితంగా దొరికినా దొంగలు వద్దనుకున్నారు. ఆ నొప్పి వెనకే సంతోషం పొంగుకొచ్చింది. ఇంక ఆపుకోలేకపోయాను.

“ఏవండీ, కారుకి ఏదైనా అయితే ఆ రోజే ఉద్యోగం మానెయ్యాలన్నారు కదా. మీరెప్పుడు మానేస్తున్నారు?”

ఆయన నావైపు అలాగే చూశారు. నాకు భయం వేసింది, సమయం కాని సమయంలో వాగానేమోనని. అప్పుడు ఆయన నవ్వారు. మొదట ముక్కుతో, తర్వాత భుజాలతో, తర్వాత కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ. ఆ రోబో దగ్గర తుపాకీ చూసినప్పటి నుంచీ ఆ మనిషి అలా నవ్వలేదు. వల్లీ అక్క ఏమిటో అర్థం కాకపోయినా తనూ నవ్వేసింది.

“నన్ను కాస్త ఫ్యాక్టరీ దగ్గర దింపుతావా?” అన్నారు, లేచి చొక్కా దులుపుకుంటూ.

“త్వరగా రండి. నాకు క్లాసుంది.”

దారిలో రోబో ఎర్రబడింది. ఆపాను. మా పక్కన ఆగిన కారులోంచి ఎవరో మమ్మల్ని చూసి నవ్వారు. మా ఆయన చేతులు ఒళ్ళో ఉన్నాయి, కదలకుండా ఉన్నాయి. నేను గమనించానని ఆయనకి తెలియనివ్వలేదు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. గేటు లోపల కొత్త కార్లు వరసలు వరసలుగా ఎండలో తళతళలాడుతున్నాయి, వాటిలో ప్రతిదీ మా ఆయన కళ్ళు తడిమినదే. వెనక ఆయన కింద పనిచేసేవాళ్ళు కార్లలో ఆగి మెడలు చాపి చూస్తున్నారు.

“సార్, ఈ కారు ఎవరిది?” అన్నాడు సెక్యూరిటీ మనిషి, ఇబ్బందిగా.

మా ఆయన అద్దం దింపి, తల బయటికి పెట్టి, వెనకవాళ్ళకి కూడా వినబడేంత గట్టిగా చెప్పారు. “మా ఆవిడది. లెక్కల టీచరు. కొండ మీద పిల్లలు ఎదురుచూస్తున్నారు, నన్ను దింపి వెళ్ళిపోవాలి. గేటు తియ్యి, ఆవిడకి ఆలస్యం చెయ్యకు.”

గేటు తెరుచుకుంది. ఆ మెరిసే కార్ల మధ్య నుంచి నా మాజ్డాని లోపలికి నడిపి, ఆయన ఆఫీసు మెట్ల ముందు ఆపాను. ఆయన దిగి, తలుపు మెల్లగా, అరచేత్తో వేశారు.

“సాయంత్రం నాలుగున్నరకి వస్తాను. గేటు దగ్గరే ఉండండి, ఆలస్యమైతే ఆగను” అన్నాను.

“ఉంటాను” అన్నారు వాసుదేవరావు గారు.

నేను గేరు మార్చి కొండవైపు తిప్పాను.